సల్వా నుంచి ఒక మాట: తుమ్మెద

ఈ నెల మాట తుమ్మెద. మీలో చాలామంది ఈ మాటను అమ్మమ్మ పాటలో విని ఉంటారు. తెలుగులో తుమ్మెద పదాలు చాలా పాతవి. వందల ఏళ్ళ కిందటే పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రలో వాటిని పేర్కొన్నాడు. పాటలో తుమ్మెద ఒకటే. తోటలో మాత్రం అలా కాదు.

సల్వా కువైట్‌లో, హవల్లీ గవర్నరేట్‌లో, సముద్రం పక్కన ఉన్న పేట. కడప నుంచీ గోదావరి జిల్లాల నుంచీ పనికి వచ్చిన మనవాళ్ళు ఈ దేశంలో చాలామంది ఉన్నారు. పూలమీద పెద్ద తుమ్మెద వాలితే ఫోనులో ఫోటో తీసి ఇంటికి పంపుతారు. ఒళ్ళంతా నలుపు, వీపు మీద పసుపుపచ్చ నూగు. "ఇది మన ఊరి తుమ్మెదే కదండీ?" అని అడుగుతారు. మంచి ప్రశ్న. జవాబు "కాకపోవచ్చు."

ఈ జాతి తుమ్మెదల శాస్త్రీయ నామం జైలోకోపా. గ్రీకు భాషలో కొయ్యను నరికేది అని అర్థం. ఆడ తుమ్మెద ఎండిన కొయ్యకు గుండ్రని చిల్లి పెట్టి, లోపల గుడ్లు పెడుతుంది. కొయ్యను తినదు. చిల్లి కింద రాలేది రంపపు పొట్టు లాంటి పొడి.

వీటిలో రెండు రకాలు అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. ఒకటి జైలోకోపా ఈస్టువాన్స్. 1758లో లిన్నేయస్ దీనికి పేరు పెట్టాడు. ఇది ఆసియా తూర్పు వైపుది. రెండోది జైలోకోపా ప్యూబెసెన్స్. 1838లో స్పినోలా దీనికి పేరు పెట్టాడు. ఇది అరేబియాలో, ఆఫ్రికాలో ఉంటుంది. రెండింటి ఆడవీ నల్లగా, పచ్చని వీపుతో ఉంటాయి. అందుకే పుస్తకాల్లో కూడా ఒకదాని పేరు ఇంకొకదానికి పడింది. ఇంకో చిక్కు కూడా ఉంది. ప్యూబెసెన్స్ మగది ఒళ్ళంతా పసుపు నూగుతో ఉంటుంది. దాన్ని నల్ల ఆడదాని పక్కన పెడితే రెండూ వేరు జాతులనుకుంటాం. అంటే వేరు జాతుల ఆడవి ఒకేలా ఉంటాయి. ఒకే జాతి ఆడా మగా వేరుగా ఉంటాయి.

మరి ఫోటోతో ఏం చేయగలం? ఒక్క ఫోటో చాలదు. వీపు, పక్క, ముఖం, మూడూ తీయండి. ఊరు, తేదీ, పువ్వు పేరు రాయండి. ఊరు తెలిస్తే సగం పని అయినట్టే. మొదట రెక్కలు లెక్కపెట్టండి. రెండే రెక్కలు, పొట్టి మీసాలు ఉంటే అది తుమ్మెద కాదు, తుమ్మెద వేషం వేసిన ఈగ. తుమ్మెదకు నాలుగు రెక్కలు. తర్వాత పొట్ట చూడండి. ఆడ తుమ్మెద పొట్ట నున్నగా మెరుస్తుంది. చలిదేశాల బంబుల్ బీ పొట్ట నిండా నూగు. డర్బన్‌లో ఉన్నవారు నల్ల ఒంటి మీద రెండు తెల్లని లేదా పచ్చని పట్టీలు చూస్తే, అది జైలోకోపా కాఫ్రా ఆడది కావచ్చు. ఇంతవరకు వచ్చాక తేలకపోతే "జైలోకోపా, జాతి తెలియదు" అని రాసి ఆగండి. ఫోనులోని యాప్ ముందుగా చూపిన పేరును అలాగే అతికించకండి. సరిగ్గా ఆగడం కూడా గుర్తుపట్టడమే.

పేరు తప్పితే నష్టమేమిటి? ఫిజీ వాళ్ళను అడగండి. 2018లో అక్కడ ఆసియా తేనెటీగ కనిపించింది. మన ఊళ్ళలో దాన్ని పుట్ట తేనెటీగ అంటారు. మనకు అది చుట్టం. ఫిజీలో తేనెపెట్టెలు పెట్టుకున్న రైతుకు మాత్రం భయం. అది పూలలో వాటా తీసుకుంటుంది, వర్రోవా అనే పురుగును మోసుకురాగలదు. పెట్టెల్లోని ఐరోపా తేనెటీగ కూడా చూడటానికి దాదాపు అలాగే ఉంటుంది. ఆసియాది కాస్త చిన్నది, పొట్ట మీద చారలు సమంగా ఉంటాయి. వెనక రెక్కలో ఒక చిన్న నరం అదనంగా సాగుతుంది. ఐరోపా దానికి ఆ నరం ఉండదు. దగ్గరగా తీసిన మంచి ఫోటోలో అది కనిపిస్తుంది. ఏ తుట్టెను తీసేయాలి, దేన్ని కాపాడాలి అన్నది ఆ నరం మీద ఆధారపడుతుంది.

గల్ఫ్‌లోనూ పచ్చ వీపు తుమ్మెదను చూసి మందు కొట్టేవారుంటారు. మగదానికి కుట్టే ముల్లే లేదు. ఆడది పట్టుకుంటేనే కుడుతుంది. ఎడారి జిల్లేడు కాయ కాయడానికి సాయం చేసేది ఈ తుమ్మెదలే.

దూరం నుంచి చూస్తే ఒకేలా కనిపించేవారికి ఒకే పేరు పెట్టడం మన తాతలకు తెలిసిన సంగతే. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడ ఎక్కి ఫిజీ చేరినవారంతా, తెలుగువారైనా తమిళులైనా, "మద్రాజీ"లే అయ్యారు. కోరంగి రేవు పేరు మారిషస్‌లోనూ బర్మాలోనూ మనవాళ్ళకు అంటుకుంది. దగ్గరగా వచ్చి, ఏ ఊరు, ఏ మాట అని అడిగినవారికే తేడా తెలిసింది.

మాటల మూట
నూగు: మెత్తని సన్నని వెంట్రుకలు.
పచ్చ: ఆకు రంగుకూ పసుపు రంగుకూ వాడతాం. స్పష్టంగా చెప్పాలంటే ఆకుపచ్చ, పసుపుపచ్చ అనండి.
పొట్టు: కొయ్య కోస్తే రాలే పొడి.
తుట్టె: తేనెటీగల గూడు.
రేవు: ఓడలు ఆగే చోటు.

ఇంటిపని
మీ తోటలో ఒక తుమ్మెదనో తేనెటీగనో మూడు వైపుల నుంచి ఫోటో తీయండి. కింద నాలుగు తెలుగు వాక్యాలు రాయండి: ఎక్కడ, ఎప్పుడు, ఏ పువ్వు మీద, ఏ రంగు. పేరు చివర రాయండి. మీ ఇంట్లో పెద్దవారు దాన్ని ఏమని పిలుస్తారో అడిగి అదీ రాయండి. ఆ మాట ఏ పుస్తకంలోనూ లేకపోవచ్చు.