గాలి సిలిండరుకు నిప్పు భయం లేదట!



మన సోలాపూరులోని ఒక నూలు మిల్లులో బ్లోరూము వెనక ఉన్న ఫిల్టరు గదిలో ఇంకో నాలుగు ఎయిర్ సిలిండర్లు బిగించబోతున్నారు. మిల్లు పేరు రాయడం లేదు. అందులో పనిచేసేవాళ్లకు చెప్పనక్కర లేదు, మిగతావాళ్లకు తమ మిల్లే గుర్తొస్తుంది. సిలిండరంటే ఇంట్లో వంటగ్యాసు సిలిండరు కాదు. కంప్రెసరు గాలితో రాడ్డు ముందుకూ వెనక్కూ నడిచి, దుమ్ము పైపులోని రేకు తలుపును తెరిచి మూసేది.

పనికి ముందు భద్రత సంగతి తేల్చమని యూనియన్ తరఫున ఉత్తరం ఇచ్చాం. జవాబు నోటిమాటగా వచ్చింది. "ఇది గాలితో నడిచేది, కరెంటు లేదు. కరెంటు లేనిచోట నిప్పెక్కడిది?" అన్నారు మేనేజరుగారు. పెద్ద చదువు చదివిన మనిషి. మేము పదో తరగతి దాటనివాళ్లం, ఇరవై ఏళ్లకు పైగా ఆ దుమ్ములో నిలబడ్డవాళ్లం. జవాబు మేమే చెబుతాం.

కరెంటు లేదన్న మాటే అబద్ధం. రాడ్డు ఎక్కడుందో చూడటానికి సిలిండరు ఒంటిమీద చిన్న సెన్సార్ ఉంటుంది, దానికి వైరు వస్తుంది. గాలిని అటూ ఇటూ తిప్పే వాల్వుకు కాయిల్ ఉంటుంది. "24 వోల్టులే కదా" అంటారు. మనిషికి షాక్ కొట్టదు, నిజమే. కానీ జాయింటు వదులైతే రవ్వ వస్తుంది. కాయిల్ ఎప్పుడూ వేడిగానే ఉంటుంది. దాని మీద దూది దుమ్ము దుప్పటిలా పరుచుకుంటే ఆ వేడి బయటికి పోయే దారే లేదు.

పోయినేడు మొదటి సిలిండరు పెట్టినప్పుడు ఏం జరిగిందో మరిచామా? మిషను ఆపలేదు. ఒక పాళీ ఉత్పత్తి పోతుందని నడుస్తుండగానే కాంట్రాక్టరు మనుషులు వచ్చారు. తుప్పుపట్టిన యాంగిల్‌కు అల్యూమినియం బ్రాకెట్ పెట్టి సుత్తితో కొట్టి కూర్చోబెట్టారు. సెన్సార్ వైరును టేపు చుట్టి కలిపారు. రెండు నెలలు తిరక్కుండా రాత్రి పాళీలో ఆ టేపు దగ్గరే పొగ లేచింది. ఆర్పబోయిన బదిలీ కార్మికుని ముంజేయి కాలింది. రిజిస్టరులో రాసింది "స్వల్ప గాయం". ఆ అబ్బాయి నలభై రోజులు అన్నం కలుపుకోలేకపోయాడు.

ఆ రాత్రి పొగతో పోయింది. ఎప్పుడూ పొగతోనే పోతుందని ఎవరు రాసిచ్చారు? నేల మీద పడి ఉన్న దుమ్ము కాలుతుంది. అదే దుమ్ము గాలిలో మబ్బులా లేచి, మూసిన గదిలోనో పైపులోనో ఉండగా రవ్వ తగిలితే పేలుతుంది. చైనాలో హార్బిన్ అనే ఊరి నార మిల్లులో 1987 మార్చి 15 తెల్లవారుజామున అదే జరిగింది. రాత్రి పనిలో ఉన్నవాళ్లలో 58 మంది చనిపోయారు, 177 మంది గాయపడ్డారు. అక్కడ దుమ్ము అవిసె నారది, మన దగ్గర దూదిది. మొదటి రవ్వ ఎక్కడిదన్న దానిమీద నిపుణులు ఒక మాటకు రాలేదు. దుమ్ము పోగుచేసే యంత్రంలో పుట్టిన స్థిర విద్యుత్తు అని కొందరన్నారు. ఆ విద్యుత్తుకు మెయిన్ స్విచ్ ఉండదు, మేనేజరుగారూ! దుమ్ము పైపులో రాసుకుంటూ పోతుంటేనే పుడుతుంది.

అందుకే సిలిండరు ఒళ్లు, బ్రాకెట్, రేకు తలుపు, పైపు అన్నీ ఒకదానికొకటి తీగతో కలిపి భూమికి కట్టాలి. నడుమ రబ్బరు వాషరు, ప్లాస్టిక్ బుష్ ఉన్నచోట దాన్ని దాటించి వేరే పట్టీ వేయాలి. మీటరు పెట్టి కొలవాలి, 10 ఓములు దాటకూడదు. కంటితో చూసి "బాగుంది" అంటే కుదరదు. వాల్వులూ కాయిళ్లూ ఆ గదిలో ఉండనే వద్దు. బయట శుభ్రమైన చోట పెట్టి గాలి గొట్టాలు మాత్రమే లోపలికి తేవచ్చు. ఇందులో పెద్ద ఖర్చు లేదు, నాలుగు గజాల గొట్టం ఎక్కువ పడుతుంది. లోపల తప్పక ఉండాల్సిన సెన్సార్ పేలుడు ప్రమాదం ఉన్న చోటికని చేసినదే కావాలి. దాని ప్లేటు మీద ఏ జోనుకు పనికొస్తుందో, ఒళ్లు ఎంత వేడెక్కుతుందో రాసి ఉంటుంది. దుమ్ముకు జోన్లు 20, 21, 22. గ్యాసుకు వేరు. గ్యాసు ప్లేటు చూపించి దుమ్ము గదిలో పెడితే ఊరుకోకండి.

ఇంకో సంగతి కాంట్రాక్టర్లు తలవనే తలవరు. రాడ్డు వెనక్కి వచ్చిన ప్రతిసారీ వాడిన గాలి బుస్సుమని బయటికి వస్తుంది. దాన్ని ఆ గదిలోనే వదిలితే పడి ఉన్న దుమ్మును లేపి మబ్బు చేసేది అదే. ఆ గాలిని గొట్టం వేసి గది బయటికి పంపాలి. రాడ్డు చివర ఠప్పున కొట్టుకోకుండా కుషన్ స్క్రూ సరిచేయాలి. తుప్పు ఇనుము మీద అల్యూమినియం బలంగా తగిలినా రవ్వ వస్తుంది.

మన తప్పు కూడా చెప్పుకుందాం. పాళీ చివర గాలి పైపు పట్టి మిషను మీద దుమ్ము ఊదేది మనవాళ్లే. త్వరగా అయిపోతుంది, నిజమే. ఫిల్టరు గదిలో మాత్రం ఆ పని ఈ రోజే మానాలి. వాక్యూమ్‌తో లాగాలి. వాక్యూమ్ ఇవ్వకపోతే శుభ్రం చేయం, ఎందుకు చేయలేదో రిజిస్టరులో రాసి సంతకం పెడతాం.

ఇక బిగించే రోజు సంగతి. బ్లోరూము ఆగాలి, గది శుభ్రం కావాలి. బెజ్జాలు, వెల్డింగు బయటే చేసుకుని రావాలి. కరెంటు స్విచ్‌కూ గాలి వాల్వుకూ రెండింటికీ తాళం పడాలి, గొట్టంలో మిగిలిన గాలిని వదిలేయాలి. 63 మిల్లీమీటర్ల బోరు సిలిండరు 6 కిలోల గాలితో దాదాపు 185 కిలోల బరువుతో తోస్తుంది. అది చెయ్యి అని చూడదు, రేకు అని చూడదు.

ఇవన్నీ యూనియన్ వాళ్లు పుట్టించిన షరతులు కావు. పేలే దుమ్ము ఉన్నచోట యంత్రాన్ని మూసి ఉంచాలి, దుమ్ము పేరుకోనివ్వకూడదు, నిప్పు పుట్టే ప్రతిదాన్నీ దూరం పెట్టాలి అని 1948 ఫ్యాక్టరీల చట్టం 37వ సెక్షనులోనే రాశారు. ఆ చట్టం స్థానంలో తెచ్చిన 2020 కోడ్‌లో కూడా పనిచోట భద్రత యజమాని బాధ్యతే. పాళీ ఉత్పత్తి పోతుందన్న లెక్క ఏ చట్టంలోనూ లేదు.

రెండో ఉత్తరం ఇచ్చాం, ఈసారి రసీదు తీసుకున్నాం. నకలు ఇన్‌స్పెక్టరు ఆఫీసుకు పంపాం. మొదటి సిలిండరు వైరు మార్చి, భూమికి కట్టి, మీటరు లెక్క మాకు చూపించేదాకా మిగతా నాలుగింటికి మన ఫిట్టర్లు పానా పట్టరు. కాంట్రాక్టరు మనుషులు వస్తే వాళ్లతో గొడవ వద్దు, వాళ్లూ కూలివాళ్లే. తాళాలు పడ్డాయా అని అడగండి, పడకపోతే ఏ పాళీ అయినా సరే యూనియన్ ఆఫీసుకు కబురు పంపండి. రాత్రిళ్లు కూడా ఒక మనిషిని కూర్చోబెడుతున్నాం.