పచ్చి మాంసం పెడుతున్నారా? ముందు లిట్టర్ బాక్స్ చూడండి

రీల్స్ చూసి పిల్లికి 'రా డైట్' మొదలుపెట్టేవాళ్లు ఎక్కువయ్యారు. కిబుల్ ప్యాకెట్ పక్కన పడేసి, చికెన్ షాపులో అరకిలో బోన్‌లెస్ కొట్టించి గిన్నెలో వేసేయడమే. మూడో రోజుకి విరేచనాలు. అప్పుడు గూగుల్.

పిల్లి పక్కా మాంసాహారి, ఒప్పుకుందాం. కానీ అది వేటాడి తినేది ఎలుకని, బోన్‌లెస్‌ని కాదు. ఎలుకలో ఎముక, గుండె, కార్జం అన్నీ ఉంటాయి. ఉత్త కండలో కాల్షియం దాదాపు ఉండదు. నెలల తరబడి అదే పెడితే కూనలకి ఎముకలు గుల్లబారతాయి. టారిన్ తగ్గితే గుండె కండరం బలహీనపడుతుంది, చూపు కూడా పోవచ్చు. 1987లో అమెరికా పరిశోధకులు ఈ గుండె లింకు బయటపెట్టాకే కంపెనీలు క్యాట్ ఫుడ్‌లో టారిన్ పెంచాయి.

పొట్ట సంగతికొస్తే, లిట్టర్ బాక్సే మన లాగ్ ఫైల్. మలం తెల్లగా సుద్దలా పొడిపొడిగా ఉంటే ఎముక ఎక్కువైంది. పల్చగా అవుతుంటే కార్జమో, కొవ్వో, చికెన్ స్కిన్నో ఎక్కువై ఉండొచ్చు. లేదా మరీ తొందరపడి మార్చేశారు. పాత తిండిలో పావు వంతుతో మొదలుపెట్టి, వారం పది రోజులు తీసుకోండి. ఒకే రకం మాంసం పెట్టండి. చికెన్, చేప, కొత్త సప్లిమెంటు అన్నీ ఒకేసారి దింపితే బగ్ ఎక్కడుందో ఎవడు చెప్పగలడు? తిన్న వెంటనే కక్కుతుంటే కొంచెం కొంచెంగా పెట్టండి, ఫ్రిజ్ చల్లదనం పోయాకే.

ఇంట్లో పెద్దవాళ్లు 'లంఖణం పరమౌషధం' అంటారు. మనకి సరే, పిల్లికి కాదు. రెండు మూడు రోజులు తినకపోతే దాని లివర్‌లో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికొస్తుంది. పాలు పోయడం కూడా వద్దు, పెద్ద పిల్లుల్లో చాలావాటికి అరగవు. మన మాత్రలు అసలే వద్దు. పారాసిటమాల్ పిల్లికి విషం.

ఫ్రీజర్‌లో పెడితే సాల్మొనెల్లా చచ్చిపోతుందనుకోవడం భ్రమ. పిల్లి బాగానే కనిపిస్తూ మలంలో దాన్ని వదులుతుండొచ్చు. ఇంట్లో పసిపిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లు ఉంటే నేనైతే పచ్చి మాంసం జోలికే పోను. పైగా 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లకి బర్డ్ ఫ్లూ వచ్చింది గుర్తుందా? ఆ వైరస్ పిల్లుల్ని కూడా చంపుతుంది. ఉడకబెట్టి పెట్టండి, ఉడికించిన నీళ్లు పారబోయకండి, టారిన్ కొంత అందులోకే దిగుతుంది. ఉడికిన ఎముక మాత్రం వేయొద్దు, చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. కాల్షియం, టారిన్ ఎంత కలపాలో వెట్‌ని అడిగి రాయించుకోండి.

మలంలో రక్తం, తారులా నల్లటి మలం, ఆగని వాంతులు, 24 గంటలు ముద్ద ముట్టకపోవడం... వీటిలో ఏది కనిపించినా వెట్ దగ్గరికే. ఇంకొకటి. మగపిల్లి లిట్టర్ బాక్స్‌లో కూర్చుని ముక్కుతుంటే మలబద్ధకం అనుకుని గుమ్మడికాయ గుజ్జు పెడుతుంటారు చాలామంది. అది మూత్రం అడ్డుపడటం కావచ్చు. చుక్క కూడా రావట్లేదంటే తెల్లారేదాకా ఆగకండి, ఆ రాత్రే తీసుకెళ్లండి.