ఎగతాళికి విరుగుడు

పసితనం నిర్మలమైనదంటారు. కాని ప్రాథమిక పాఠశాల ఆవరణలో అంతా నిర్మలంగా ఉండదు. పొట్టివాడిని 'బుడ్డోడు' అనీ, మాట తడబడేవాడిని 'నత్తోడు' అనీ పిలిచి నవ్వడం అక్కడ నిత్యకృత్యం. హైదరాబాదు తూర్పు భాగాన ఉన్న ఉప్పల్, నాచారం, నాగారం ప్రాంతాలలో ఈ సమస్యకు మరొక కోణం ఉంది. నాచారం పారిశ్రామికవాడ వంటి చోట్లకు బ్రతుకుతెరువు వెదుక్కుంటూ దూరప్రాంతాల కుటుంబాలు వచ్చి చేరాయి. ఒకే బల్లపై కూర్చున్న పిల్లల యాస, వేషం, భోజనం, మతం వేరువేరు. ఆ భేదమే ఎగతాళికి సాకు అవుతుంది.

ఈ రుగ్మతకు ఇస్లాం సూచించిన విరుగుడు గమనింపదగినది. ఖురాన్ 49వ అధ్యాయమైన 'అల్ హుజురాత్'లోని 11వ వాక్యం ఇతరులను పరిహసించడాన్ని, కించపరిచే మారుపేర్లతో పిలవడాన్ని నిషేధిస్తుంది. పరిహాసానికి గురైనవారే ఉత్తములు కావచ్చునని హెచ్చరిస్తుంది. బడిలో వేధింపు తరచుగా మారుపేరుతోనే మొదలవుతుంది. కనుక ఈ బోధ వ్యాధి మూలాన్నే తాకుతుంది.

ప్రవక్త అనుచరుడైన అబూజర్ ఒక వ్యక్తిని తల్లి పేరెత్తి అవమానించగా, ఆయనలో అజ్ఞానకాలపు లక్షణం ఇంకా మిగిలి ఉన్నదని ప్రవక్త మందలించినట్లు 'సహీహ్ బుఖారీ' అనే హదీసు గ్రంథం తెలుపుతుంది. ఆప్తుడని ఉపేక్షించలేదు, తప్పు చేశాడని వెలివేయనూ లేదు. ఉపాధ్యాయులకు ఇది ఆదర్శం. పీడితునికే కాదు, పీడకునికీ సాయపడాలనీ, అతని చేతిని ఆపడమే ఆ సాయమనీ అదే గ్రంథం చెబుతుంది. చుట్టూ చేరి నవ్వే పిల్లలే వేధించేవానికి బలం. వారిలో ఒక్కరు 'వద్దు' అన్నా ఆ బలం సడలుతుంది.

పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలలో మతబోధ కూడదని రాజ్యాంగంలోని 28వ అధికరణం నిర్దేశిస్తున్నది కదా అని కొందరు సందేహించవచ్చు. ఆ సందేహం సమంజసమే. అందుచేత ఈ విలువలను విశ్వాసంగా రుద్దక, ఇతర ధర్మాల నీతులతోపాటు మానవాళి ఉమ్మడి సంపదగా పరిచయం చేయాలి. మతం పేరిట గేలికి గురయ్యే బాలునికి, తన ఇంటి విలువలు తరగతికంతటికీ ఆదరణీయం కావడమే గొప్ప ధైర్యం.

2009 విద్యాహక్కు చట్టంలోని 17వ విభాగం విద్యార్థులపై శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. అయితే శిక్షాభయం పెద్దల కన్ను పడినంత మేరకే పనిచేస్తుంది. సంస్కారం ఆటస్థలంలోనూ తోడుంటుంది. ఆ సంస్కారం ముందుగా పెద్దలలో కనిపించాలి. విద్యార్థిని మారుపేరుతో పిలిచే గురువు ఎన్ని నీతులు బోధించినా అవి గాలిలో కలిసిపోతాయి. ప్రతి బిడ్డనూ సొంత పేరుతో, ఆదరంగా పిలవడమే ఈ పాఠానికి తొలి అక్షరం.