మొవ్వు బతికితే చాలు

చలికాలం దగ్గరపడుతోందనగా యూరప్‌లో కొన్ని ఇళ్ల పెరళ్లలో ఓ కార్యక్రమం మొదలవుతుంది. మనిషెత్తు చెట్టుకు ఆకులన్నీ పైకి కూడదీసి తాడుతో కడతారు. మానుకు గోనె చుడతారు. మొదలు చుట్టూ ఎండుగడ్డి దట్టంగా పరుస్తారు. తలమీద వాననీరు నిలవకుండా పైన రేకో పట్టాయో అమరుస్తారు. చలి మరీ ముదిరితే పండగ దీపాల దండ చుట్టి రాత్రంతా వెలిగిస్తారు. వెలుగుతో పనిలేదు, ఆ బల్బుల వేడి కావాలి. ఎల్‌ఈడీలు వచ్చాక పాపం ఆ ఉపాయమూ చెడింది. ఇంత సేవా ఒక తాటిజాతి చెట్టుకు! ముంజలు తినేది లేదు, కల్లు గీసేది లేదు. మంచు కురిసే ఊళ్లో తమ గుమ్మం ముందు ఆ విసనకర్ర ఆకులు ఊగుతుంటే చూసుకోవాలి, అంతే.

పిచ్చి అనేయడం తేలికే. తాడి, కొబ్బరి, ఈత చూసి పెరిగిన మనకు ఈ కుటుంబమంతా ఎండకే పుట్టిందనిపిస్తుంది. చలి ఎరిగిన శాఖలూ ఇందులో ఉన్నాయి. ఉత్తరాఖండ్‌లో పితోరాగఢ్ దగ్గరి థాకిల్ కొండ పేరు పెట్టుకున్న ట్రాకికార్పస్ టాకిల్ మంచు పడే ఎత్తుల్లోనే పెరుగుతుంది. దాని దగ్గరి చుట్టమే చైనా నుంచి వచ్చిన చుసాన్ పామ్. మానంతా ముతక పీచు. కొద్దిరోజులైతే సున్నాకు పది, పదిహేను డిగ్రీల దిగువ చలినీ ఓర్చుకుంటుంది. 1830లో జపాన్ నుంచి సీబోల్ట్ అనే వృక్షశాస్త్రవేత్త దాని గింజలను యూరప్‌కు పంపాడు. 1840ల్లో రాబర్ట్ ఫార్చ్యూన్ అనే స్కాట్లండ్ మొక్కల వేటగాడు చైనాలోని చుసాన్ దీవిలో దాన్ని చూశాడు. 1849లో ఆయన పంపిన మొక్కలు లండన్‌లోని క్యూ తోటకు చేరాయి. ఆ పీచుతో తాళ్లు పేనుకుని, చీపుళ్లు కట్టుకుని తరతరాలుగా బతికిన చైనా రైతు ఊసు ఎక్కడా లేదు గానీ, శాస్త్రంలో ఆ చెట్టుకు ఫార్చ్యూన్ పేరే దక్కింది. 1851లో విక్టోరియా రాణి పుట్టినరోజుకు ఆస్బోర్న్ భవనం తోటలో ఒక మొక్క నాటారు. తాటిజాతులంటే క్యూలోని పామ్ హౌస్ లాంటి గాజుమేడల్లో బొగ్గు కాల్చి వెచ్చబెట్టి పెంచే రోజుల్లో ఇది ఆరుబయట నిలబడింది.

ఇంతకీ ఆ గోనెలూ దీపాలూ ప్రధానంగా కాపాడేది మొవ్వుని. వేపకొమ్మ నరికితే పక్కన చిగురేస్తుంది. ఈ చెట్లలో చాలావాటికి మానుకు ఒకటే మొవ్వు. అది పోతే చెట్టు పోయినట్టే. పొడిచలి కన్నా తడిచలికి ఎక్కువ భయపడేది అందుకే. మొవ్వులో చేరిన నీరు గడ్డకడుతుంది, కరుగుతుంది, ఆపైన కుళ్లు మొదలవుతుంది. చలి తగ్గాక అక్కడివాళ్లు బెరుకుబెరుగ్గా చేసే పరీక్ష ఒకటుంది. నడిమి లేతాకును పట్టుకుని మెల్లగా లాగి చూస్తారు. బిగువుగా ఉంటే బతికినట్టు. ఊడి చేతికొస్తే గుండె జారినట్టే. కోనసీమ కొబ్బరి రైతుకు ఇది కొత్త సంగతి కాదు. వానాకాలపు మొవ్వుకుళ్లు తెగులులోనూ నడిమి ఆకు ఇలాగే లాగగానే వచ్చేస్తుంది. అక్కడ మంచు, ఇక్కడ తెగులు. దెబ్బ తగిలే చోటు ఒక్కటే.

2021 ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టినప్పుడు డాలస్, ఆస్టిన్ పరిసరాల్లోని మనవాళ్లు ఈ చెట్ల అవస్థ చూసే ఉంటారు. ఆకులన్నీ మాడి వేలాడుతుంటే నరికేద్దామని తొందరపడ్డవాళ్లకు తోటపని తెలిసినవాళ్లు చెప్పింది ఒకటే: ఎండలు ముదిరేదాకా ఆగండి. మెక్సికో జాతి పొడుగు చెట్లు చాలా పోయాయి. చుసాన్ రకం చాలాచోట్ల మళ్లీ మొవ్వేసింది. ముచ్చటేసేది ఆ ఆగడమే. చచ్చిందో బతికిందో తెలియని చెట్టు ముందు నెలల తరబడి గొడ్డలి ఎత్తకుండా ఉండటం చిన్న విషయం కాదు.

ఇటలీలోని పాడువా వృక్షోద్యానంలో 1585లో నాటిన పొట్టిజాతి చెట్టు ఇప్పటికీ ఉంది. 1786లో జర్మన్ కవి గేటే చూసి వెళ్లాడు గనుక దానికి ఆయన పేరే స్థిరపడింది. అది మధ్యధరా రకం, పిలకలు వేస్తుంది. ఒక మొవ్వు పోయినా ఇంకోటి మిగులుతుంది. అయినా దాని చుట్టూ గాజుగది కట్టి చూసుకుంటున్నారు. స్కాట్లండ్‌లో ప్లాక్టన్ ఊరి సముద్రపొడ్డున ఫొటోలకు నిలబడే తాళ్లయితే అసలు తాళ్లే కావు, న్యూజీలాండ్ నుంచి వచ్చిన వేరే కుటుంబం చెట్లు. చూసి మురిసేవాళ్లకు ఆ తేడాతో పనేముంది!

స్విట్జర్లాండ్ దక్షిణాన టిచీనోలో మాత్రం కథ అడ్డం తిరిగింది. అక్కడ లుగానో, లొకార్నో ఊళ్లలో సరస్సుల ఒడ్డున ఈ చుసాన్ చెట్లను సోకుకి పెంచారు. శీతాకాలాలు మెత్తబడ్డాయి. పిట్టలు నల్లని పళ్లు తిని గింజలను అడవిలో విడిచాయి. ఇప్పుడు వెడల్పాకు చెట్ల నీడన ఈ మొక్కలు గుంపులుగా లేచి, స్థానిక మొక్కలకు చోటు లేకుండా చేస్తున్నాయి. 2024 సెప్టెంబరు 1 నుంచి ఆ దేశంలో వీటిని అమ్మకూడదు, దిగుమతి చేసుకోకూడదు, ఊరికే ఇవ్వనూ కూడదు. అడవిని చూస్తే ఈ నిషేధం న్యాయమే. గోనె చుట్టించుకున్నన్నాళ్లూ ముద్దుబిడ్డ, తన కాళ్లమీద తాను నిలబడ్డాక కలుపు మొక్క కావడం ఆ చెట్టు చేసుకున్న ఖర్మ. తోటల్లో ఇప్పటికే ఉన్నవాటిని కొట్టేయాలని చట్టం అనలేదు. పళ్లు కట్టకముందే పూగెలలు కోసేయమంటున్నారు. తాళ్లలో లాగే వీటిలోనూ పోతుచెట్లు వేరు, కాసేవి వేరు. కత్తి ముందు వెళ్లేది కాసేవాటి మీదికే.