మూసారాంబాగు దొరకూ మన సీమకూ ఉన్న లంకె

మనవడా, శతఘ్ని దళంలో ఆఫీసరు కావాలని హైదరాబాదులో కోచింగుకు వెళ్తున్నావు కదా, మీ అవ్వ రోజూ నీ పేరు చెప్పి దీపం పెడుతోంది. పరీక్షలో అడగని ఫిరంగుల దొర ఒకడున్నాడు, ఆయన సంగతి ఈ ఉత్తరంలో చెబుతాను. ఆయన కథకూ మన అనంతపురానికీ లంకె ఉందని మా తరం మీకు ఎన్నడూ చెప్పలేదు. దత్త మండలాలన్న పేరు నచ్చక 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని పెట్టుకున్నాం. మంచి పని చేశాం కానీ, పాత పేరుతో పాటు దాని వెనకున్న లెక్క కూడా మరుగున పడింది.

ఆ దొర పేరు రేమండ్. 1755లో ఫ్రాన్సులో పుట్టి, ఇరవై ఏళ్లకు వర్తకం చేద్దామని పుదుచ్చేరికి వచ్చి సిపాయి అయ్యాడు. మొదట మైసూరు కొలువు, 1786 నుంచి హైదరాబాదు నిజాం అలీఖాన్ కొలువు. తోపులు పోతపోసే కార్ఖానా పెట్టించాడు, ఇప్పటి గన్‌ఫౌండ్రీ అదే. 1795లో ఖర్దా దగ్గర మరాఠాల మీద ఆయన దండు నిలిచి పోరాడుతుండగా నిజామే వెనక్కి రమ్మన్నాడు. యుద్ధం పోయినా దొర పరపతి పెరిగింది. హిందువులకు మూసారాం, ముస్లిములకు మూసా రహీం అయ్యాడు. జనం అంతగా కలుపుకున్నారంటే జీతం వేళకిచ్చే మనిషై ఉంటాడని నా ఊహ.

1798 మార్చిలో ఆయన పోయాడు. విషం పెట్టారన్న పుకారుంది, రుజువు లేదు. ఆర్నెల్లకే ఇంగ్లీషువాళ్లు నిజాంతో ఒప్పందం రాయించుకుని, ఆ దండును రద్దు చేయమన్నారు. వేలమంది సిపాయిలు, అన్ని తోపులు ఉండి కూడా యుద్ధం లేకుండానే ఆయుధాలు దించారు. బకాయి జీతాల కోసం సిపాయిలు తమ అధికారుల మీదే తిరగబడి ఉన్నారప్పటికి. ఆ దండు బదులు ఇంగ్లీషువాళ్ల కుంపిణీ పటాలం వచ్చింది. దాని ఖర్చుకు 1800లో నిజాం రాసిచ్చినది ఏమిటనుకున్నావు? మన నేలే నాయనా! అనంతపురం, బళ్లారి, కడప. ఇవే ఆ దత్త మండలాలు. కలెక్టరుగా వచ్చిన మన్రో కూడా సైనికుడే. పన్ను నాలుగో వంతు తగ్గించాలని 1807లో ఆయనే రాశాడు, పైవాళ్లు అప్పుడు ఒప్పుకోలేదు. వాన రాని ఏడూ ఎవరిదో పటాలానికి జీతం కట్టిన రైతులు మనవాళ్లు.

గురి లెక్కలు బాగా నేర్చుకో, తండ్రీ. నీ కింద పనిచేసేవాళ్ల ఇంటి సంగతులూ తెలుసుకో, జీతమెప్పుడు అందిందో అడుగు. ఆదివారం మూసారాంబాగు మెట్రో దగ్గర దిగి గుట్టమీది రేమండ్ సమాధి చూసిరా. 2001 వానలకు కూలితే మళ్లీ కట్టారు. దసరా సెలవులకు వస్తే గుత్తికి పోదాం, మన్రోను మొదట పూడ్చింది అక్కడే. కోట ఎక్కడానికి నా మోకాళ్లు ఒప్పుకోవు, నువ్వెక్కి చూసొచ్చి చెబుదువు గానీ.