పెరడు లేని ఇండ్లు

పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదని మన పెద్దలు చెప్పిరి. చేరువనున్నదానిని చులకన చేయు మనుష్యస్వభావమును ఎత్తిపొడుచుటకు పుట్టిన సామెత యిది. కాని నేడు మన చిన్న పట్టణములలో ఆ సామెతకే ఆధారము తప్పిపోవుచున్నది. చెట్టును చులకన చేయుటకైనను పెరడు ఉండవలయును గదా! పెరడు పోయిన పిమ్మట పూవును, ఆకును ఎచ్చటినుండి తెచ్చుకొందుము? ఇది ఆడువారి ముచ్చటయే యని పౌరులు పెడచెవిని పెట్టరాదు.

బాన్సువాడనే చూడుడు. మంజీరానదిపై 1923లో ప్రారంభమై 1931లో ముగిసిన నిజాంసాగరు నిర్మాణము ఈ ప్రాంతమునకు అన్నపూర్ణ యైనది. కాలువనీటితో వరి పండెను. వరితో వర్తకము పెరిగెను. వర్తకముతో ఊరు పెరిగెను. 2016లో నూతన కామారెడ్డి జిల్లాలో చేరి, 2018లో పురపాలకసంఘముగా మారెను. ఈ అభివృద్ధిని మేము నిందింపము. కాని ఊరు విస్తరించినకొలది ఇంటిస్థలము కుదించుకొనిపోయినది. బావిగట్టున అరటి, గోడవార గోరింట, వాకిట మల్లెపందిరి, నడుమ తులసికోట గల యిండ్లు తరిగి, గోడకు గోడ తగిలి, సిమెంటు వాకిళ్లు గల యిండ్లు పెరుగుచున్నవి.

దీని ఫలితము బతుకమ్మ పండుగనాడు కంటికి కట్టును. ఎంగిలిపూల బతుకమ్మ మొదలు సద్దుల బతుకమ్మ వరకు పూలే దైవము. గునుగు, తంగేడు, బంతి, చేమంతి, కట్ల, గుమ్మడి పూలు వరుసలుగా పేర్చిననే బతుకమ్మ యగును. ఇందు గునుగు, తంగేడు ఎవరును విత్తినవి కావు. మెట్టచేలలోను, బీళ్లలోను, గట్లపైనను తమంత తాము మొలచునవి. కాలువక్రింద నేలయంతయు వరిమడియైన చోట వానికి తావు లేదు. మనకు అన్నము పెట్టిన నీరే మన పండుగపూవును దూరము చేసినదన్నమాట. 2014లో తెలంగాణ ప్రభుత్వము బతుకమ్మను రాష్ట్రపండుగగను, తంగేడును రాష్ట్రపుష్పముగను ప్రకటించినది. సంతోషమే. కాని పూవునకు గౌరవమిచ్చుట సులభము. దానికి మూరెడు నేల నిచ్చుట కష్టము. ఆ మూరెడు నేలయే కరవైనచోట అంగడినుండి ప్లాస్టికుపూలు వచ్చుచున్నవి. అవి చెరువులో కరగవు. నీటిని పూలతో కొలుచు పండుగ నీటిని మలినపరచు పండుగగా మారుట కంటె విపరీతము కలదా?

పోయిన పెరడును మరల తెచ్చుట మన చేతిలో లేదు. ఒక కుండీ పెట్టుట మాత్రము ప్రతివాని చేతిలోనిదే. కుండీతోట ధనికుల మేడలపై విలాసమనియు, పరదేశపు అలవాటనియు కొందరందురు. ఇది పొరపాటు. తులసికోట యేమిటి? నేలపై మట్టితో గట్టిన కుండీయే గదా! అద్దెయింటివాని మాట కూడ తలపవలయును. వానికి నేల తనది కాదు. కుండీ మాత్రము తనదే. ఇల్లు మారిననాడు తోటయు వెంట వచ్చును.

పని కూడ కష్టమైనది కాదు. పగిలిన బిందెయైనను, పాత డబ్బాయైనను చాలును. అడుగున రంధ్రముండి, దానిపై పెంకుముక్క యుండవలయును. నల్లరేగడి ఒక్కటే నింపినచో తడిసి ముద్దయై, ఎండి బీటలువారి, వేరును చంపును. ఎఱ్ఱమట్టి, ఇసుక, మాగిన పశువులయెరువు సమపాళ్లుగా కలుపవలయును. ఆషాఢమున విత్తిన బంతి దసరాకు పూచును. చేమంతికి రాత్రి నిడివి పెరిగిననే మొగ్గ పుట్టును. తెల్లవార్లు వీధిదీపము వెలుగుచోట నుంచినచో ఎదురుచూపే మిగులును. మల్లెకు నిండుటెండయు, చలికాలమున కొమ్మల కత్తిరింపును కావలయును. గునుగు జాతిదేయైన కోడిజుట్టుపూవు కుండీలో చక్కగా పెరుగును. తంగేడు మాత్రము పొద. దానికి కుండీ చాలదు, ప్రహరీవార నేల కావలయును.

ఆకుల మాటకు వత్తము. పుదీన, వామాకు కొమ్మ తుంచి గుచ్చినంతనే వేరూనును. ధనియాలను రెండు బద్దలుగా నలిపి చల్లినచో నెల దాటిన కొలది దినములకే కొత్తిమీర చేతికి వచ్చును. తులసి, కలబంద యుండనే యున్నవి. కాని కుండీలో మొలచిన ఆకు వైద్యునికి బదులు కాదు. చిన్న దగ్గునకు తులసికషాయము మంచిదే. విడువని జ్వరమునకు వైద్యశాలయే శరణ్యము. అందమునకై పెంచు గన్నేరు ఆకునుండి గింజవరకు విషమని పిల్లలకు తప్పక చెప్పవలయును. కుండీక్రింది పళ్లెములో నీరు నిలిచినచో డెంగీ దోమ గ్రుడ్లు పెట్టును. వారమునకొకమారైనను దానిని పారబోసి తుడువవలయును. నీటికై చింత వలదు. బియ్యము, కూరలు కడిగిన నీరు కొన్ని కుండీలకు చాలును. ఈ శ్రమ యంతయు ఇల్లాలి నెత్తిన బెట్టుట న్యాయము కాదు. పఠనమందిరమునకు బయలుదేరుటకు ముందు పురుషులు రెండు చెంబుల నీరు పోసినచో పత్రికాపఠనమునకు లోపమేమియు రాదు.

ఇక పురపాలకసంఘము కర్తవ్యము. 1950లో కేంద్రమంత్రి కె. ఎం. మున్షీగారు వనమహోత్సవమును ప్రారంభించిరి. 2015లో తెలంగాణలో హరితహారము మొదలైనది. ఈ రెంటను ప్రధానమైనది చెట్టు, బాటప్రక్క నీడ. అదియు కావలసినదే. కాని 2019 నాటి పురపాలక శాసనము పట్టణముల ఆదాయవ్యయ పట్టికలో నూటికి 10 వంతులు పచ్చదనమునకై కేటాయింపవలయునని విధించినది. ఆ సొమ్ములో కొంత భాగము పెరడులేని యిండ్లకేల చెందరాదు? ఆషాఢమునకు ముందే బంతి, చేమంతి, కోడిజుట్టు, తులసి మొక్కలను బీదల వాడలకు పంచవలయును. బడుల ప్రహరీల వెంబడి, చెరువుగట్లపై తంగేడు, గునుగు విత్తించి పెంచవలయును. అప్పుడు పండుగపూలు కొనలేని ఇల్లాలు సయితము ఆ గట్టునుండియే కోసికొనును.

ఇది అధికారులను అడుగుట మాత్రమే కాదు. మనలను మనమే అడుగుకొనవలసిన మాట. సంఘము మొక్క నీయగలదు గాని నీరు పోయజాలదు. రాబోవు ఆషాఢమున బాన్సువాడలో ఇంటికొక కుండీయైనను వాకిట నిలుచుగాక! తన చేతితో పెంచిన పూవును బతుకమ్మపై నిలిపిన ఆడపడుచునకు ప్లాస్టికుపూవు కంటికానదు.