పాత మోటారు సైకిల్‌కు బ్యాటరీ: ఇంటిల్లిపాదీ ఆలోచించవలసిన విషయం

2021 జూన్‌లో హైదరాబాదులో లీటరు పెట్రోలు ధర నూరు రూపాయలు దాటింది. ఆ ఏడాదే జనగామలోని ఒక ఎలక్ట్రానిక్స్ మెకానిక్ పేరు పత్రికల్లో కనిపించింది. ఆయన తన మోటారు సైకిల్ ఇంజన్‌ను తొలగించి, దాని స్థానంలో విద్యుత్ మోటారును, 30 ఆంపియర్ అవర్‌ల నాలుగు బ్యాటరీలను అమర్చుకున్నారు. అయిన ఖర్చు సుమారు 20,000 రూపాయలు. ఒకసారి ఛార్జి చేస్తే దాదాపు 50 కిలోమీటర్లు నడిచేది. ఆ వార్త చదివిన నాటి నుంచి జనగామలోనే కాదు, మహబూబాబాద్‌లోనూ భూపాలపల్లిలోనూ ఎందరో యువకులు తమ ఇంటి ముందున్న పాత బండిని అదే దృష్టితో చూస్తున్నారు. పారవేయవలసిన వస్తువును పనికి తెచ్చుకోవాలనే తలంపు మెచ్చదగినదే. అయితే పని మొదలుపెట్టే ముందు లెక్క, చట్టం, భద్రత అనే మూడింటినీ ఇంట్లో అందరూ కూర్చుని పరిశీలించడం అవసరం.

మొదట లెక్క చూద్దాం. పన్నెండు వోల్టుల బ్యాటరీలు నాలుగు కలిస్తే 48 వోల్టులు. దానిని 30తో గుణిస్తే 1,440 వాట్ అవర్‌లు, అనగా సుమారు ఒకటిన్నర యూనిట్ల విద్యుత్తు. ఛార్జింగ్‌లో వేడిగా వృథా అయ్యేది కలుపుకుంటే మీటరుపై దాదాపు రెండు యూనిట్లు తిరుగుతాయి. యూనిట్‌కు ఎనిమిది రూపాయలు వేసుకున్నా 50 కిలోమీటర్లకు పదహారు రూపాయలే. అదే దూరానికి పాత బండి ఒక లీటరు పెట్రోలు తాగుతుంది. దాని ధర నూటేడు రూపాయల పైమాటే. రోజుకు 25 కిలోమీటర్లు తిరిగేవారికి నెలకు వెయ్యి మూడు వందల రూపాయలకు పైగా మిగులుతుంది.

కాని ఈ లెక్కకు రెండు మినహాయింపులు ఉన్నాయి. చవకగా దొరికే లెడ్ యాసిడ్ బ్యాటరీలను రోజూ పూర్తిగా ఖాళీ అయ్యేదాకా వాడితే ఏడాది, ఏడాదిన్నరలోనే అవి నీరసిస్తాయి. కొత్త బ్యాటరీల ఖర్చును ముందే కలుపుకోకపోతే మిగిలిందనుకున్న డబ్బు తిరిగి బ్యాటరీల దుకాణానికే వెళుతుంది. రెండవది, గృహజ్యోతి పథకం. నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన కుటుంబాలకు కరెంటు బిల్లు ఉండదు. పరిమితి దాటితే ఆ నెల బిల్లు పూర్తిగా కట్టవలసిందే. ఇప్పటికే 180 యూనిట్లు వాడుతున్న ఇంట్లో బండి కోసం మరో ముప్పై యూనిట్లు చేరితే ఏమవుతుందో ఇంటి ఖర్చులు చూసుకునే సోదరీమణులకు వేరుగా చెప్పనక్కరలేదు.

దూరాన్నీ గమనించాలి. ఊళ్లో దుకాణానికి, మసీదుకు, పిల్లల బడికి 50 కిలోమీటర్ల సామర్థ్యం ధారాళంగా సరిపోతుంది. జనగామ నుంచి హనుమకొండకు గాని, మహబూబాబాద్ నుంచి వరంగల్‌కు గాని వెళ్లి రావడం ఒక్క ఛార్జితో సాధ్యం కాదు. ఇక పొగ సంగతి. బండి పొగ విడవదు, నిజమే. వీధిలో పసిపిల్లలు పీల్చే గాలికి అది మేలే. కాని భూపాలపల్లి పాఠకులకు తెలుసు: చెల్పూరులోని 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం బొగ్గును మండించే కరెంటును ఉత్పత్తి చేస్తోంది. పొగ తగ్గుతుందే గాని పూర్తిగా మాయం కాదు.

ఇప్పుడు చట్టం. చాలామంది దీనిని పట్టించుకోరు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని ఇష్టానుసారం మార్చకూడదు. 2019 సవరణతో చేరిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పుకు ఆరు నెలల వరకు జైలు శిక్ష గాని, ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. అలాగని పాత బండిని విద్యుత్ బండిగా మార్చడమే నిషిద్ధమని అనుకోరాదు. ఏఐఎస్-123 ప్రమాణం ప్రకారం పరీక్షించి ఆమోదించిన కిట్‌ను, ఆ సంస్థ అధికారం ఇచ్చిన చోట అమర్పించుకుని, రవాణా శాఖ కార్యాలయంలో ఆర్‌సీపై ఇంధనం వివరాన్ని మార్పించుకుంటే అది చట్టబద్ధమే. 2021లో మహారాష్ట్రకు చెందిన ఒక సంస్థ స్ప్లెండర్ బండికి ఆమోదం పొందిన కిట్‌ను 35,000 రూపాయల ధరకు తెచ్చింది. బ్యాటరీ, పన్నులు వేరు. అన్నీ కలిపితే కొత్త విద్యుత్ స్కూటర్ ధరకు దగ్గర పడుతుంది. పైగా తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో విద్యుత్ వాహనాలకు ప్రకటించిన రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుముల మినహాయింపు 2026 డిసెంబరు 31 వరకు వర్తిస్తుంది. దీనినీ తూకంలో వేసుకోవాలి.

“చిన్న మోటారు పెడితే రిజిస్ట్రేషన్ అక్కరలేదు కదా” అనే మాట తరచుగా వినిపిస్తుంది. ఆ సడలింపు 250 వాట్లకు మించని మోటారుతో, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగంతో నడిచే తేలికపాటి వాహనాలకే. నూరు కిలోలకు పైబడిన మోటారు సైకిల్ ఆ కోవలోకి రాదు. అనుమతి లేని బండితో దారిన పోయేవారికి గాయమైతే బీమా సంస్థ అభ్యంతరం చెప్పే వీలుంటుంది. అప్పుడు పరిహారం భారం ఇంటిపై పడవచ్చు. ఎదుటివారి ప్రాణానికి, హక్కుకు సంబంధించిన ఈ విషయాన్ని కేవలం పోలీసు చలానా సమస్యగా చూడరాదు.

అన్నింటికన్నా ముఖ్యమైనది భద్రత. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంటి హాలులో రాత్రి ఛార్జింగ్‌కు పెట్టిన స్కూటర్ బ్యాటరీ తెల్లవారుజామున పేలి ఎనభై ఏళ్ల వృద్ధుడు మరణించారు. అదే నెలలో విజయవాడలో పడకగదిలో పెట్టిన బ్యాటరీ పేలి ఇంటి యజమాని ప్రాణం పోయింది, భార్యాపిల్లలు గాయపడ్డారు. సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో విద్యుత్ స్కూటర్ల షోరూములో రేగిన మంటల పొగ పైనున్న లాడ్జిని కమ్మి ఎనిమిది మందిని బలిగొన్నది. ఇవి కర్మాగారంలో తయారై అమ్మకానికి వచ్చిన వాహనాలు. ఇంట్లో మనమే అమర్చుకున్న దానికి మరెంత జాగ్రత్త అవసరమో ఊహించవచ్చు.

బండిని నడిపేది ఒక్కరు. బ్యాటరీతో కలిసి నివసించేది ఇంటిల్లిపాదీ. కావున ఈ నిర్ణయం బండి నడిపేవారు ఒక్కరే తీసుకునేది కాదు. ఇషా నమాజు తర్వాత ప్లగ్గు పెట్టి, ఫజ్ర్ వేళకు తీయవచ్చులే అనుకుని నిద్రపోయే అలవాటు వద్దు. మెలకువగా ఉన్న వేళలోనే, గది బయట, ఎండా వానా తగలని చోట ఛార్జి చేయాలి. మెట్ల కింద, గుమ్మం ఎదుట పెట్టకూడదు. మంట లేస్తే బయటికి వెళ్లే దారి అదే కదా! లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఛార్జింగ్ సమయంలో మండే స్వభావం గల హైడ్రోజన్ వాయువును విడుస్తాయి, గాలి ఆడాలి. లిథియం బ్యాటరీ అయితే ప్రతి సెల్‌నూ కనిపెట్టి ఉండే బీఎంఎస్ లేకుండా వాడరాదు. ఒకదాని ఛార్జర్‌ను మరొకదానికి పెట్టకూడదు. ఉబ్బిన బ్యాటరీని, నీట మునిగిన బ్యాటరీని తిరిగి వాడకూడదు. మంటలు రేగితే వస్తువుల కోసం వెనుదిరగక అందరూ బయటికి వచ్చి 101కి ఫోన్ చేయాలి.

వైరింగ్ విషయంలోనూ అశ్రద్ధ కూడదు. వెయ్యి వాట్ల మోటారు 48 వోల్టుల వద్ద 20 ఆంపియర్‌లకు పైగా లాగుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు అంతకు రెట్టింపు. ఫ్యాన్లకు వాడే సన్నని తీగ ఆ వేడిని తట్టుకోలేదు. బ్యాటరీకి అతి దగ్గరగా తగిన ఫ్యూజు ఉండాలి. ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీ డీసీ కరెంటును నమ్మకంగా తెంచలేదు. ఇంజన్ తీసేసిన తర్వాత వేగాన్ని అణచే దాని సాయం ఉండదు, బ్యాటరీల బరువు మాత్రం చేరుతుంది. కాబట్టి బ్రేకులను ముందుగా బాగుచేయించాలి. కాలం తీరిన బ్యాటరీని పిల్లల చేతికి అందనీయక, పగలగొట్టక, అమ్మిన దుకాణానికే అప్పగించాలి. అందులోని సీసం పిల్లల మెదడుకు విషం.

ఆసక్తి గల యువకులను నిరుత్సాహపరచవలసిన పని లేదు. ఐటీఐలో, వర్క్‌షాపులో, అనుభవజ్ఞుని పక్కన నిలబడి పాత బండిని విప్పి మోటారు బిగించడం గొప్ప విద్య. రేపటి ఉపాధి కూడా. నేర్చుకోవడానికి పాత బండి చాలు. రోడ్డు మీదికి రావడానికి ఆమోదం పొందిన కిట్, మార్చిన ఆర్‌సీ, చెల్లుబాటయ్యే బీమా కావాలి. ఇక ఇంటికి తెచ్చే ముందు ఛార్జింగ్ ఎక్కడ పెట్టాలో అమ్మను, భార్యను, ఇంట్లోని పెద్దలను అడిగి నిర్ణయించండి. వారు “ఇక్కడ వద్దు” అన్న చోట పెట్టకండి.